గురువారం గాలి

దసరా వెళ్లాక మా కౌకూర్‌లో గాలి దిక్కు మార్చుకుంటుంది. వానాకాలమంతా పడమటి నుంచి వీచిన గాలి అప్పటి నుంచి తూర్పు వైపు నుంచి వస్తుంది. ఆ తూర్పునే జవహర్‌నగర్ చెత్తగుట్ట ఉంది. పొద్దుగూకే వేళకు దాని వాసన మా కాలనీ మీదికి వస్తుంది. కిటికీలు టపటపా మూసుకుంటాయి. రోడ్డు మీద నడిచేవాళ్లు కొంగో రుమాలో ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు. వాళ్లను చూశాకే వాసన వచ్చిందని నాకు తెలుస్తుంది. కరోనా జ్వరం వచ్చి తగ్గిన నాటి నుంచి నా ముక్కు పనిచేయడం లేదు. పోపు మాడినా, గ్యాస్ లీకైనా ఎవరో ఒకరు చెప్పాల్సిందే.

"మన ఇంట్ల సుఖంగున్నది నువ్వొక్కదానివే అమ్మా," అంటాడు నా కొడుకు సుజిత్. వాడికి మేడ్చల్ దగ్గర మందుల కంపెనీలో మధ్యాహ్నం షిఫ్టు. వాడు ఇల్లు చేరేసరికి ఆ వాసన ఉండదు.

బాధ పడేది మా కోడలు నవ్యశ్రీ. అమలాపురం పిల్ల. కండ్లకోయలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆ దసరాకు ఆమెకు ఐదో నెల. పొద్దున ఏదో ఒకటి నోట్లో వేసుకుని కాలేజీ బస్సు ఎక్కుతుంది. మధ్యాహ్నం క్లాసుల మధ్య నాలుగు ముద్దలు. సాయంత్రం ఇంటికి వచ్చి కుదురుగా తినేదే అసలు తిండి. సరిగ్గా ఆ వేళకే ఆ వాసన. తలుపులు మూస్తే వంటింటి పోపు ఆమెకు పడదు. తెరిస్తే బయటి గాలి పడదు. రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపేది.

"ఇంకొక ముద్ద తిను బిడ్డా."

"ఆకలి లేక కాదండీ అత్తయ్యా. కడుపు మాడిపోతోంది. కంచం ముందు కూర్చోగానే గొంతు మూసుకుపోతోంది."

డాక్టరమ్మ తూకం వేసి పెదవి విరిచింది. నెల రోజుల్లో తల్లి బరువు పెరగలేదని, మళ్లీ వచ్చేసరికి పెరిగి తీరాలని చెప్పింది. ఆ సంగతి తెలిసి అమలాపురం నుంచి వియ్యపురాలు ఫోన్ చేసింది. వచ్చే నెల తానే వస్తానని, పిల్ల ఇలాగే ఉంటే వెంట తీసుకుపోతానని తేల్చి చెప్పేసింది. తల్లి మనసు, తప్పు పట్టడానికి లేదు. కానీ ఫోన్ పెట్టేశాక నవ్య మంచం మీద కూలబడింది.

"మధ్యలో వెళ్లిపోతే నా క్లాసులు ఇంకొకరికి ఇచ్చేస్తారండి. తర్వాత రమ్మనరు. మూడేళ్లు తిరిగితే దొరికిన ఉద్యోగం," అంది.

ఇల్లు ఎత్తి ఇంకో చోట పెట్టలేము. చెత్తగుట్టను ఎవరూ జరపలేదు. ఇక మా చేతిలో ఉన్నది పెరడు ఒక్కటే. ఒక కుర్చీ, ఒక కంచం పట్టేంత చోటు, ఆ పిల్ల సాయంత్రం పూట కూర్చుని అన్నం తినగలిగే చోటు, అక్కడ తయారు చేయాలని అనుకున్నాను.

మాది తూర్పు ముఖం ఇల్లు. ముందు రోడ్డు. ఇంటికి ఉత్తరం పక్కన ఒక మనిషి నడిచేంత సందు. ఆ సందులోంచి వెనక్కి వస్తే పెరడు. పెద్దదేమీ కాదు, నాలుగు నులక మంచాలు వేస్తే నిండిపోతుంది. వెనక గోడ ఛాతీ ఎత్తు ఇటుక గోడ, దాని పైన రేకులు. గోడ అవతల ఫరీద్, అతని భార్య షహర్ బాను వాళ్ల ఇల్లు. మా జాగా బాను మామ దగ్గర కొన్నదే. రెండు ఇళ్లకూ మధ్య ఒక రేకు గేటు అప్పటి నుంచీ అలాగే ఉండిపోయింది. మా ఆయన పోయాక వెనకవైపు ఒంటరిగా కూర్చోవడానికి బెరుకుగా ఉండి ఆ గోడ వెంట తీగ నాటాను. నర్సరీ వాళ్లు దాన్ని కర్టెన్ తీగ అంటారు. రేకుల మీదికి ఎక్కి, మళ్లీ కిందికి జారి, నేల దాకా ఆకుపచ్చ తెరలా వేలాడుతుంది. సూది పట్టేంత సందు కూడా లేకుండా అల్లుకుంది. అందరూ మెచ్చుకునేవాళ్లు. నాకూ గర్వంగానే ఉండేది.

రెండిళ్ల అవతల ఉండే కామేశ్వరిగారికి నా ఆలోచన చెప్పాను. వాళ్లది కాకినాడ. ఆమె భర్త బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. మొక్కలంటే ఆమెకు ప్రాణం.

"దానికేముందండీ జయమ్మగారూ! మంచి వాసనలు చుట్టూ పెట్టేయండి. రాత్రిరాణి, సన్నజాజి, తీగ సంపెంగ, మరువం. మధ్యలో అమ్మాయిని కూర్చోబెట్టండి. ఇంకా ఆ దిక్కుమాలిన కంపు దగ్గరికి రాగలదా?"

"నాకు వాసన తెల్వది గద కామేశ్వరమ్మా. ఏ చెట్టు మంచిదో నేనెట్ల చూసి తెచ్చేది?"

"నేనొస్తానుగా!"

"అయితే నీ ముక్కు ఒక్క పూట నాకు కిరాయికియ్యి."

ఇద్దరం ఆటో కట్టించుకుని శామీర్‌పేట రోడ్డు మీద వరసగా ఉన్న నర్సరీలకు వెళ్లాం. ఆమె ప్రతి పువ్వూ వంగి వాసన చూసేది. నేను పక్కన నిలబడి అడిగేదాన్ని.

"గిది ఎట్లున్నది?"

"తియ్యగా ఉందండీ."

"తియ్యగంటే? బెల్లం లెక్కనా, జామపండు లెక్కనా?"

"అబ్బా, ఏం ప్రశ్నలండీ మీవి! తియ్యగా అంటే తియ్యగానే."

"గదే అడుగుతున్న. నీకు తెలుస్తాంది, నాకు తెలుస్తలేదు. జర విడమరిచి చెప్పు."

ఆమె కళ్లు మూసుకుని చాలా ఆలోచించి, "పెళ్లింట్లో పూలబుట్ట మూత తీసినట్టు," అంది. అది నాకు అర్థమైంది.

అప్పటికే మొగ్గ తొడిగిన కుండీలు తెచ్చాం. నేను పెరడు మధ్య కుర్చీ వేసి, దాని చుట్టూ గుండ్రంగా కుండీలు పేర్చాను. గోడ మీది తీగ వెనక తెరలా, కుండీలు ముందు దడిలా. చూడటానికి పెళ్లిపీటల లాగా ఉంది. కామేశ్వరిగారు ఫోన్‌తో ఫోటో తీసుకున్నారు.

సాయంత్రం నవ్య బస్సు దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, నవ్వుతూ కుర్చీలో కూర్చుంది. కంచంలో ములక్కాడ పులుసు వడ్డించాను. ఒక ముద్ద తింది. రెండో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"అత్తయ్యా, కోప్పడరు కదా?"

"చెప్పు బిడ్డా."

"ఇంతకుముందు ఒకటే వాసన. ఇప్పుడు రెండు. ఆ రెండూ కలిసి మూడోది ఒకటి వస్తోంది. ఆ మూడోది ఇంకా..." మాట పూర్తి కాకముందే లేచి లోపలికి పరుగెత్తింది.

మర్నాడు కామేశ్వరిగారికి చెబితే ఆమె నమ్మలేదు. "అయినా అదేం పెద్ద వాసనండీ? మా ఇంటి దగ్గర ఓ పావుగంట వచ్చి పోతుంది," అంది. మీ పిల్ల మరీ సుకుమారం అన్నట్టు వినిపించింది నాకు. మనసులో కాస్త చిన్నబుచ్చుకుని వచ్చేశాను. ఆ మాటలో ఉన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

కుండీలన్నీ ఇంటి ముందుకు జరిపాను. ఏమీ తోచక, నవ్య ఏ రోజు ఎంత తింటుందో గమనించడం మొదలుపెట్టాను. గమనిస్తే ఒక వింత కనిపించింది. గురువారం సాయంత్రం ఆ పిల్ల తింటోంది. కడుపు నిండా కాకపోయినా, కంచం ఖాళీ చేస్తోంది. తర్వాతి గురువారం కూడా చూశాను. అంతే. శుక్రవారం మళ్లీ రెండు ముద్దలే.

గురువారం ఏముంది? కాలేజీలో ఏమైనా తేడానా అని అడిగితే లేదంది. కూర తేడానా అంటే అదీ కాదు, ఒక గురువారం పప్పు, ఒక గురువారం వంకాయ. అప్పుడు నాకు షహర్ బాను గుర్తొచ్చింది. గురువారం సాయంత్రం వాళ్లింట్లో పోయినవాళ్ల పేర ఫాతెహా చదివిస్తారు. మన సాంబ్రాణి లాగా లోబాన్ వేసి ఇల్లంతా పొగ పడతారు. ఆ తర్వాత బాను, రొట్టెలు బెల్లంతో నలిపి చేసిన మలీదా పళ్లెం రెండు చేతులా పట్టుకుని, రేకు గేటు కాలితో తోసుకుని, మా పెరట్లోకి వస్తుంది. కాసేపు కూర్చుని నాతో ముచ్చట్లు చెప్పి పోతుంది.

లోబాన్! అదే అయి ఉంటుంది అనుకున్నాను. పూల వాసన చేయలేని పని లోబాన్ చేస్తోంది. నాకు ఎగిరి గంతేసినంత సంబరం. శనివారం పొద్దున్నే గేటు దగ్గర నిలబడి పిలిచాను.

"బానూ, జరంత లోబాన్ ఉంటే ఇయ్యవా?"

"ముక్కు లేనిదానివి, నీకెందుకక్కా లోబాన్?"

"నాకు గాదు. మా కోడలికి."

"హాయ్ అల్లా, కడుపుతో ఉన్న పిల్లకు పొగ పెడ్తవా? దూరంగా పెట్టు మల్ల." అంటూనే పొట్లం కట్టి ఇచ్చింది.

సాయంత్రం నవ్య రాకముందే పెరటి మూలన మట్టి మూకుడులో నిప్పులు పోసి లోబాన్ వేశాను. తెల్లటి పొగ లేచింది. నాకు వాసన తెలియదు కాబట్టి కళ్లతోనే చూస్తున్నాను. పొగ నా నడుము ఎత్తు లేచి, మెల్లగా పడమటి గోడ దాకా వెళ్లింది. తీగకు తగిలి ఆగింది. కాసేపు అక్కడే తచ్చాడి, మళ్లీ వెనక్కి నా దగ్గరికే వచ్చింది. ఎక్కడికీ పోలేదు. ఇంకో గుప్పెడు వేస్తే అదీ వచ్చి దాని పక్కన నిలబడింది. కాసేపటికి పెరడంతా పాలు పోసిన గిన్నెలా అయింది.

నవ్య సందులోంచి వచ్చి, చున్నీ ముక్కుకు కట్టుకుని, "ఏమైందండీ, ఏం కాలింది?" అని అరిచింది. ఆ రాత్రి మజ్జిగ తప్ప ఏమీ ముట్టలేదు. నాకు చాలా బాధ వేసింది. బాధతో పాటు మనసులో ఒక పురుగు కూడా తొలచడం మొదలుపెట్టింది. ఆ పొగ ఎందుకు పోలేదు?

ఆదివారం పొద్దున ఆమె జడ వేసుకుంటుంటే అడిగాను.

"నవ్యా, గురువారం లోబాన్ నీకు పడ్తది గద. నిన్న ఎందుకు పడలే?"

"గురువారం లోబాన్ ఎక్కడిదండీ?"

"బానూ వాళ్లు వేస్తరు గద, పొద్దుమీకి."

"వేస్తారేమో. మన వైపు ఎప్పుడూ రాలేదే."

"ఒక్కసారి గూడ రాలేదా? మంచిగ యాది చేసుకో."

"లేదండీ అత్తయ్యా. అసలు గురువారం ఏ వాసనా ఉండదు. అందుకే కదా తింటాను."

గోడ అవతల వేసిన పొగ ఇవతలికి వస్తుందని నాకు నేనే అనుకున్నాను. నా ముక్కు పనిచేస్తే మొదటి గురువారమే తెలిసిపోయేది. అవతలి పొగ ఇవతలికి రావడం లేదంటే, గాలి ఇటు నుంచి అటు పోతోందన్నమాట. మరి శనివారం ఎందుకు పోలేదు?

గాలిని చూడాలంటే ఏం చేయాలని ఆలోచించి, పాత వాయిల్ చీర ఒకటి పొడుగాటి గుడ్డ బద్దలుగా చింపాను. వెదురు పుల్లలు తెచ్చి సందు మొదట్లో ఒకటి, సందు చివర ఒకటి, పెరట్లో అక్కడక్కడా, గోడ దగ్గర, గేటు దగ్గర గుచ్చి ఒక్కో పుల్లకు ఒక్కో బద్ద కట్టాను. దారిన పోతూ సందులోకి తొంగి చూసిన కామేశ్వరిగారు గుమ్మడికాయ కూడా కట్టమని సలహా ఇచ్చారు.

"దిష్టికి కాదమ్మా. గాలికి."

"గాలి పట్టిందా? ఎవరికి?"

"ఎవరికీ పట్టలే. పట్టాలనే కట్టిన."

ఆమె నా వైపు జాలిగా చూసి వెళ్లిపోయింది.

సోమవారం సాయంత్రం, మంగళవారం సాయంత్రం, వాసన వచ్చే వేళకు మెట్టు మీద కూర్చుని బద్దలను చూశాను. సందులోవి బాగా ఎగిరాయి. రోడ్డు మీది గాలి ఆ ఇరుకు సందులో దూరి, ఇంకా జోరందుకుని లోపలికి వస్తోంది. పెరట్లోకి వచ్చేసరికి మాత్రం బద్దలన్నీ ఉరి తీసినట్టు నిటారుగా వేలాడుతున్నాయి. గోడ దగ్గరవి అసలు కదలవు. కాసేపటికి రోడ్డు మీద జనం ముక్కు మీది రుమాలు తీసేశారు. ముందుకు వెళ్లి అడిగితే వాసన పోయిందన్నారు. వెనక పెరట్లో నవ్యను అడిగితే, "ఉందండీ, అలాగే ఉంది," అంది. కామేశ్వరిగారి పావుగంట మాట అప్పుడు నా చెవిలో మోగింది. ఆమె గొప్పలు పోలేదు. వాళ్లింటి దగ్గర నిజంగానే పావుగంటే. మా పెరట్లోకి వచ్చింది మాత్రం తిరిగి పోవడం లేదు.

గురువారం కోసం ఎదురుచూశాను. బాను మలీదా పళ్లెంతో వచ్చింది. కాలితో గేటు తోసింది. నేను పళ్లెం అందుకోలేదు. బద్దల వైపే చూస్తున్నాను.

గేటు తెరుచుకున్న కొద్దిసేపటికి పెరట్లో ఒక బద్ద తల ఎత్తింది. తర్వాత ఇంకొకటి. చూస్తూ ఉండగానే అన్నీ పడమటికి తిరిగి, వేలు పెట్టి చూపించినట్టు గేటు వైపు చాచుకున్నాయి.

"ఏందక్కా గట్ల చూస్తున్నవ్? దయ్యం కనబడ్డదా?"

"బానూ, ఆ గేటు మూయి."

"వచ్చినదాన్ని మూయమంటవేంది? పొమ్మంటున్నవా?"

"నువ్వుండు. గేటు మూయి."

మూసింది. బద్దలు ఒకటొకటిగా వాలిపోయాయి. మళ్లీ తెరవమన్నాను. లేచాయి. బాను పళ్లెం గట్టు మీద పెట్టి, తానే గేటు తీసింది, మూసింది. మళ్లీ తీసింది. మలీదా చల్లారిపోయింది. ఇద్దరం చిన్నపిల్లల్లా ఆ గేటుతో ఎంతసేపు ఆడామో తెలియదు.

లోబాన్ మహిమ ఏమీ లేదు. గురువారం ఆ గేటు తెరిచి ఉంటుంది, అంతే. మిగతా రోజుల్లో నా పెరడు మూతి ఉండి అడుగు మూసిన కుండ. సందు దాని మూతి. నేను మురిసిపోయి పెంచిన తీగే దాని అడుగు.

"అయితే దినాం గీ గేటు తెరిచిపెట్టు బానూ. పొద్దుగూకే యాళకు."

"నక్కో అక్కా! గదే యాళకు మా బక్రీలు మేతకు పోయి వస్తయి. జుమేరాత్ నాడు నీ దగ్గరికి వస్తనని ముందే కట్టేస్త. దినాం గేటు తీసిపెడితే నీ తోట మొత్తం నాష్తా జేస్తయి."

"మరి తీగ కొట్టేస్త. రేకులు తీసేస్త."

ఆమె ముఖం మారింది. గోడకు అటు పక్కనే వాళ్ల బోరింగు, బట్టలుతికే బండ. కొడుకు మునావర్ భార్య, ఇంకా ఇద్దరు ఆడపిల్లలు సాయంత్రాలు అక్కడే ఉంటారు. ఆ తీగ నాకెంత చాటో వాళ్లకూ అంతే చాటు. "గది మాత్రం తియ్యకక్కా. మా పిల్లలు బయట మసలాలె గద," అంది నెమ్మదిగా.

నిజమే. నా కోడలు తినాలని వాళ్ల కోడలికి మరుగు లేకుండా చేయలేను. ఆ రాత్రి పడుకున్నా ఆలోచన అదే. చూపు ఎక్కడ పోతుంది? మనిషి ఎత్తున. మరి గాలి ఎక్కడ పోవాలి? శనివారం పొగ నా నడుము దాటి పైకి లేవలేదు. చలి దిగే వేళ గాలి కిందనే పాకుతుంది. అయితే పైన తీయాల్సిన పనే లేదు. మోకాలి కింద దారి ఇస్తే చాలు. మోకాలి ఎత్తు కంతలోంచి ఎవరు ఎవరిని చూడగలరు, పిల్లి తప్ప?

పొద్దున్నే ఫరీద్‌ను పిలిచి చెప్పాను. అతను శామీర్‌పేట దిక్కు పొలం కౌలుకు తీసుకుని ఆకుకూరలు పండిస్తాడు. గోడను తట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"కింద ఇటుకలు పీకితే గోడ గూడ నీ ముక్కు లెక్క పనికి రాకుండ పోతది అక్కా."

"అన్నీ పీకమంటలేను తమ్మీ. ఒకటి తీసి రెండు ఉంచు. తీసిన జాగల చుట్టూ సిమెంటు పూయి."

"అయితే సరే. మరి నీ కంపంత మా ఇంట్లకు తోలుతున్నవు గద?" నవ్వుతూనే అన్నాడు, కానీ అడగాల్సిన మాటే అది.

అటు పక్క నుంచి బాను గొంతు వినిపించింది. "మన దగ్గర నిలుస్తదా ఏంది? వెనక మిలిటరీ వాళ్ల ఖాళీ జాగే గద. వచ్చినట్టే పోతది. జుమేరాత్ నాడు నీకేమన్న తెలిసిందా ఇన్నొద్దుల సంది?"

"లేదు," ఒప్పుకున్నాడు ఫరీద్.

పని అయిపోయిన సాయంత్రం ముగ్గురం మెట్ల మీద కూర్చుని చూశాం. బద్దలు కదల్లేదు. ఒక్కటి కూడా. ఫరీద్ నా వైపు చూశాడు. నేను నేల మీద బోర్లా పడుకుని, తీగ పక్కకు తోసి, కంతలోంచి చూశాను. అటు పక్క చీకటి. చెయ్యి పెడితే ఏదో గట్టిగా తగిలింది.

"బానూ, గోడకు ఏం పెట్టినవ్?"

"ఏం పెట్టలే. మా కట్టెల మోపు. ఎప్పుడూ గాడనే గద ఉండేది."

ఫరీద్ తల పట్టుకున్నాడు. కట్టెలు జరిపించేసరికి పొద్దు పోయింది. మర్నాడు నేను కత్తెర తీసుకుని తీగ కింది అంచును, గాగ్రా పైకి కత్తిరించినట్టు, మోకాలి ఎత్తు వరకు కత్తిరించుకుంటూ వచ్చాను. పైన తెర తెరలాగే ఉంది. కింద ఇటుక కంతల వరుస బయటపడింది. ఆ సాయంత్రం నడుము కిందున్న బద్దలు లేచి గోడ వైపు తిరిగాయి. గేటు మూసే ఉంది.

అప్పుడు తోట మొదలుపెట్టాను. ఏ మొక్క బాగుంటుంది అని కాకుండా, ఏ మొక్క గాలికి అడ్డం రాదు అని చూసుకుంటూ నాటాను. సందు చివర నుంచి గోడ దాకా గాలి నడిచే దారి. ఆ దారిలో పుదీనా, కొత్తిమీర, ఎత్తు పెరగకముందే కోసుకునే తోటకూర. నిమ్మ, కరివేపాకు, గోరింట లాంటి గుబురు మొక్కలు దారికి రెండు పక్కలా, గట్టు లాగా. సందులో ఉన్న పాత డ్రమ్ము, విరిగిన బీరువా తలుపు తీసి పాత సామాన్లవాడికి వేశాను. నవ్య కుర్చీ దారి మధ్యలో వేస్తే సందులోంచి వచ్చేది నేరుగా ముఖానికి కొట్టింది. కాస్త పక్కకు, నిమ్మ మొక్క వైపు జరిపితే బాగుందంది. ఇంకొంచెం జరిపితే మళ్లీ గాలి ఆడలేదంది. అలా కుర్చీని నాలుగైదు సాయంత్రాలు అటూ ఇటూ జరుపుతూ, ఆ పిల్లను అడుగుతూ, ఒక చోట తేల్చాం. అక్కడ నాలుగు బండలు పరిచాను.

వాసన రావడం మానలేదు. వస్తుంది. "వచ్చిందండీ," అంటుంది నవ్య, ముద్ద కంచంలో పెట్టి. కాసేపు కబుర్లు చెబుతుంది. "ఆ, పోయింది," అని మళ్లీ చెయ్యి పెడుతుంది. వచ్చిందీ పోయిందీ రెండూ ఆమె చెబితేనే నాకు తెలుస్తుంది. అయినా బద్దల వంక చూసి, ఇంకెంతసేపట్లో పోతుందో ముందే చెప్పడం నాకు అలవాటైంది.

నెల తిరిగేసరికి వియ్యపురాలు రైలు దిగింది. పెద్ద సంచీ నిండా పూతరేకులు, పచ్చళ్లు. తిరుగు ప్రయాణానికి రెండు టికెట్లు కూడా ముందే తీయించుకుని వచ్చింది. ఆ మధ్యాహ్నమే ఆస్పత్రికి వెళ్లాం. బరువు పెరిగింది కానీ, డాక్టరమ్మ అనుకున్నంత కాదు. "పర్వాలేదు, ఇలాగే తింటే సరిపోతుంది," అంది. వియ్యపురాలు ఆ "తింటే" అన్న మాట పట్టుకుంది.

"తింటుందో లేదో నాకెలా తెలుస్తుంది వదినగారూ? మీరు బాగానే చూసుకుంటున్నారు, కాదనను. కానీ దాని మొహం చూడండి," అంది ఆటోలో. నవ్య రోడ్డు వైపు తిరిగి కూర్చుంది.

సాయంత్రం బండల మీద రెండు కుర్చీలు వేశాను. పెరట్లో కోసిన తోటకూర వేపుడు, టమాటా పప్పు, ఆమె తెచ్చిన ఆవకాయ. తల్లీ కూతుళ్లు కంచాల ముందు కూర్చున్నారు. బద్దలు గోడ వైపు చాచుకున్నాయి. వియ్యపురాలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఇదిగో వచ్చింది! ఇందులో ఎవరు తింటారు వదినగారూ?"

"జరసేపు ఆగు వదినా."

నవ్య నీళ్లు తాగి, తల్లికి కాలేజీలో ఒక కుర్రాడు పరీక్ష రాస్తూ నిద్రపోయిన కథ చెప్పడం మొదలుపెట్టింది. కథ అయ్యేసరికి వియ్యపురాలి కొంగు తనంతట తానే ఒళ్లోకి జారింది. నవ్య పప్పు కలుపుకుంది. తలెత్తకుండా తింది. వేపుడు మళ్లీ వేయించుకుంది. కంచం తుడిచినట్టు ఖాళీ చేసి, "అమ్మా, ఇంకొంచెం అన్నం," అని చెయ్యి చాచింది.

వియ్యపురాలు కూతురి కంచం వైపు, నా వైపు, గోడ కింది కంతల వైపు మార్చి మార్చి చూసింది. ఆ తీగ అంచు ఎందుకు కత్తిరించారని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను. సగంలోనే ఆమె గిన్నె అందుకుని కూతురికి తానే రెండు గరిటెలు అన్నం పెట్టి, ఎడమ చేత్తో ఫోన్ తీసింది.

"ఏవండీ," అంది భర్తతో, "రేపటి టికెట్లలో ఒకటి రద్దు చేయించండి. ఆఁ, దానిదే."

నవ్య తింటూనే ఉంది. నేను మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లాను.